రౌటర్ల మధ్య మౌనం: మార్గసమాచార లోపాన్ని గుర్తించే పద్ధతుల చరిత్ర

ప్రస్తావన

అంతర్జాలంలో సమాచారం అనేక రౌటర్ల మీదుగా ప్రయాణిస్తుంది. ఏ గమ్యానికి ఏ దారి ఉన్నదో రౌటర్లు ఒకదానికొకటి తెలుపుకొంటాయి. ఈ కబురునే ‘రూట్ అప్‌డేట్’ అంటారు. అందిన కబురులోని తప్పొప్పులను పరిశీలించవచ్చు. అందని కబురుతోనే చిక్కు. పొరుగు రౌటర్ చెప్పవలసినది లేక ఊరకున్నదా, చెప్పినది దారిలో పోయినదా, విన్న రౌటరే దానిని తోసిపుచ్చినదా? ఈ మౌనానికి అర్థం నిర్ణయించే పద్ధతులు 1980ల నుండి ఎలా మారాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పునరుక్తి పద్ధతి

తొలి దశలో విస్తృతంగా వాడిన ప్రోటోకాళ్లలో రిప్ ఒకటి. 1983లో విడుదలైన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో ఇది బాగా వ్యాపించింది. రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ హెడ్రిక్ 1988 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 1058 అనే పత్రంలో దీని నియమాలను నమోదు చేశారు. వాటి ప్రకారం ప్రతి రౌటర్ 30 సెకన్లకొకసారి తన దారుల పట్టికను పొరుగు రౌటర్లకు వినిపిస్తుంది. కబురును మోసే యూడీపీ అది చేరుతుందన్న హామీ ఇవ్వదు. అయినా ఒకటి రెండు కబుర్లు పోతే నష్టం లేదు. తరువాతి విడతలో ఆ లోటు తీరుతుంది. 180 సెకన్లు గడిచినా ఒక దారి ప్రస్తావన రాకపోతే అది చెడినట్లు లెక్క. ఇక్కడ మౌనానికి అర్థం ఒక్కటే: దారి లేదు. అయితే మార్పు లేకున్నా పట్టికనంతా తిరిగి పంపడం, 15 అంచెలకు మించిన దూరాన్ని లెక్కించలేకపోవడం దీని పరిమితులు.

ఒక్కసారి చెప్పే పద్ధతి

1989 జనవరిలో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో జరిగిన ఐఈటీఎఫ్ సమావేశ సమయంలో కర్క్ లొహీడ్, యాకొవ్ రెక్టర్ కాగితపు రుమాళ్లపై ఒక కొత్త ప్రోటోకాల్‌కు రూపురేఖలు గీశారు. అదే బీజీపీ. అదే ఏడాది జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 1105గా వెలువడింది. ఇది నమ్మకమైన టీసీపీ సంధానంపై నడుస్తుంది. సంధానం ఏర్పడగానే పట్టిక మొత్తం పంపి, ఆపైన మార్పులను మాత్రమే తెలుపుతుంది. మధ్యలో ‘కీప్‌అలైవ్’ సందేశాలు వస్తుంటాయి. అవి పొరుగు రౌటర్ సజీవంగా ఉన్నదని చెబుతాయే గాని, దాని నుండి రావలసిన దారులన్నీ వచ్చాయని చెప్పవు. ఈ పద్ధతిలో మౌనానికి ‘మార్పు లేదు’ అని అర్థం. కనుక తప్పిపోయిన దారి ఏ హెచ్చరికా లేకుండా తప్పిపోయే ఉంటుంది.

లోపనిర్ధారణ

1995 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1771 మూడు పట్టికలను వేరు చేసి చూపింది: పొరుగు నుండి విన్నవి, తాను ఎంచుకొన్నవి, పొరుగుకు చెప్పదలచినవి. లోపాన్ని వెదకడం కూడా ఈ క్రమంలోనే సాగుతుంది. పంపే రౌటర్ చెప్పదలచిన పట్టికలోనే దారి లేకపోతే కారణం దాని వడపోత నియమంలో ఉండవచ్చు. లేదా, ఒకే సంస్థలోని ఒక రౌటర్ నుండి విన్నదానిని మరొక రౌటర్‌కు చెప్పరాదన్న కట్టుబాటు అడ్డుపడి ఉండవచ్చు. ఈ కట్టుబాటు వల్ల 100 రౌటర్లు ఉన్న సంస్థకు 4,950 సంధానాలు కావలసి వచ్చేవి. ఈ భారాన్ని తగ్గించడానికే 1996లో ‘రూట్ రిఫ్లెక్టర్’ విధానం వచ్చింది. ఇక కబురు చేరినా, అందులోని మార్గక్రమంలో తన సంస్థ సంఖ్యే కనిపిస్తే వినే రౌటర్ దానిని విడిచిపెడుతుంది. తరువాతి మజిలీకి దారి తెలియకపోతే ఆ కబురును ఎంపికకు తీసుకోదు.

నియమాన్ని సవరించిన తరువాత మరొక ఇబ్బంది ఎదురయ్యేది. ఒకసారి తోసిపుచ్చిన కబురును మళ్లీ వినాలంటే సంధానాన్ని తెంచి తిరిగి కలపాలి. ఆ వ్యవధిలో రాకపోకలకు అంతరాయం. లేదా విన్నదంతా దాచుకోవాలి. అందుకు అదనపు మెమరీ అవసరం. 2000 సెప్టెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2918 ‘మరల చెప్పుము’ అని అడిగే వీలు కల్పించింది. 2014 జూలైలో ఆర్‌ఎఫ్‌సీ 7313 ఆ పునఃపఠనానికి ఆది, అంతం తెలిపే గుర్తులను చేర్చింది. ఆ రెండు గుర్తుల మధ్య వినిపించని పాత దారిని నిశ్చింతగా తొలగించవచ్చు.

ముగింపు

తాళపత్ర ప్రతిలో గ్రంథపాతాన్ని పరిష్కర్త పత్రసంఖ్య వల్ల, ఛందస్సు వల్ల, ఆశ్వాసాంత గద్య వల్ల గుర్తిస్తాడు. హద్దులు తెలిసినప్పుడే లోపం కనిపిస్తుంది. బీజీపీ పావు శతాబ్దం తరువాత చేరుకొన్నది కూడా ఈ నిర్ణయానికే. రిప్ నిరంతర పునరుక్తితో సాధించిన నిశ్చయాన్ని బీజీపీ పొదుపు కోసం వదులుకొన్నది; అవసరమైనప్పుడు మాత్రమే, ఆద్యంతాలు గుర్తించి పునరుక్తిని కోరడం ద్వారా దానిని తిరిగి పొందింది.