బేగంపేట నల్లరేణువులు

మన సాహిత్య విమర్శలో ‘పోస్టుమార్టం’ తిట్టుమాట. కథను ముక్కలు చేశాడని విమర్శకుణ్ణి ఆ మాటతోనే కొడతాం. పోలీసు కేసుల్లో జరిగే శవపరీక్షను తప్ప మరొకదాన్ని ఎరగకపోవటమే ఇందుకు కారణమనుకుంటాను. ఆస్పత్రిలో జబ్బుచేసి పోయిన మనిషిని బంధువుల అనుమతితో కోసి, బతికుండగా వైద్యులు చెప్పిన రోగం నిజమేనా అని సరిచూసే పద్ధతి వేరే ఉంది. 1761లో ఇటలీలో మోర్గాన్యి సుమారు 700 శవపరీక్షలను గ్రంథస్థం చేసిన నాటినుంచి ఆధునిక వైద్యం తన తప్పుల్ని ఆ బల్లమీదే దిద్దుకుంటూ వచ్చింది.

ఈ చరిత్రలో మా సికిందరాబాదుకూ వాటా ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్నాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఎలా గుర్తుపట్టాడో చెప్పవు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి (కుట్టిన దోమకు అణా చొప్పున కూలి), నాలుగు రోజులు పోయాక ఒక దోమను చీల్చి చూస్తే పొట్టగోడలో వింత కణాలు, వాటిలో నల్లని రేణువులు. ఆ రేణువులే సాక్ష్యం. వాటిని 1847లోనే మెకెల్ అనే జర్మన్ వైద్యుడు శవపరీక్షలో చూశాడు. అల్జీరియాలో లావరాన్ మలేరియాతో పోయినవారి దేహాల్లో అవే రేణువుల్ని వెంటాడి, 1880లో బతికున్న రోగి నెత్తుటిలో క్రిమిని పట్టుకున్నాడు. పేరులేని ఆ శవాలే లేకపోతే, బేగంపేటలో తాను చూసిందేమిటో రాస్‌కు తెలిసేది కాదు.

ఈ రాసే అంతకు కొన్నేళ్ళ ముందు లావరాన్ మాట నమ్మలేదు. జ్వరాలకు మూలం పేగుల్లో పుట్టే విషమని వ్యాసాలు రాశాడు. 1894లో లండన్‌లో మాన్సన్ సూక్ష్మదర్శినిలో చూపించాక మనసు మార్చుకున్నాడు. ఇందువల్ల అతనిమీద నాకు గౌరవం పెరిగిందే గాని తరగలేదు.

యంత్రాలు వచ్చాక ఇంకా కోయటం దేనికంటారా? 1983లో గోల్డ్‌మన్ బృందం బోస్టన్‌లోని ఒక ఆస్పత్రిలో 1960, 1970, 1980 సంవత్సరాల శవపరీక్షల్ని నూరేసి చొప్పున తిరగేసింది. ముందే తెలిసివుంటే చికిత్స మారి, రోగి మరికొంతకాలం బతికేవాడేమో అనదగిన జబ్బు, మూడు కాలాల్లోనూ దాదాపు పదింట ఒకరిలో, చనిపోయాకనే బయటపడింది. స్కానింగు వచ్చినా ఆ నిష్పత్తి తగ్గలేదు. అయినా ఆస్పత్రుల్లో ఈ పరీక్ష క్షీణిస్తూనే ఉంది.

కోతకు ఒప్పుకోని బంధువుల్ని మూఢులని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించను. శవపరీక్ష అనగానే పేదవాడికి గుర్తొచ్చేది మార్చురీ గుమ్మం దగ్గర పడిగాపులు. జ్ఞానం కోసమని అతన్ని మర్యాదగా అడిగినవారెవరు?

మా నాన్న పోయినప్పుడు ఒక యువ డాక్టరు నన్ను అలాగే అడిగింది. హేతువాదినని చెప్పుకునే నేనే వద్దన్నాను. సర్టిఫికెట్టులో గుండెపోటు అని ఉంది. మూడు నెలలుగా ఆయన చెబుతూ వచ్చింది కడుపునొప్పి.