పంపిందెవరు? రప్పించిందెవరు?

శ్రీలంకకు మన సైన్యాన్ని పంపింది రాజీవ్ గాంధీ, వెనక్కి రప్పించింది వి.పి. సింగ్. ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. బాబాల మహిమలను నిలదీసే మన హేతువాద మిత్రులు కూడా దీన్ని ప్రశ్నించకుండా అప్పజెప్పేస్తారు. నేను రక్షణ ఖాతాల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎవరైనా లెక్క చెబితే ముందు వోచరు మీద తేదీ చూడటం అలవాటు. ఇక్కడా తేదీలే చూద్దాం.

1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించాలి. ఉత్తర, తూర్పు ప్రావిన్సులను కలిపి వాటికి అధికారాలు ఇవ్వాలి. ఇవి సవ్యంగా జరిగేలా చూడటానికి మన శాంతి సేన వెళ్ళింది. అక్టోబరు 10 కల్లా ఆ సేన ఎల్.టి.టి.ఇ.తో యుద్ధానికి దిగింది. మరుసటి రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మందిలో 29 మంది చనిపోయారు. 1983 తర్వాత ఈ పులులకు శిక్షణ ఇచ్చింది మన గూఢచారి సంస్థే. ఆ సంగతి అప్పట్లో పార్లమెంటులో ఒప్పుకునేవాళ్ళు లేరు.

ఈ సేన ఉండాలా, పోవాలా అన్నదానిపై నాయకులు చీలారు. అయితే మనం అనుకున్న గీత దగ్గర కాదు. జయవర్ధనే సొంత ప్రధానమంత్రి ప్రేమదాసే ఒప్పందాన్ని వ్యతిరేకించి, సంతకాల సభకు రాలేదు. 1988 డిసెంబరులో ఆయన అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఎదుటి అభ్యర్థి సిరిమావో బండారనాయకే. ఇద్దరూ భారత సైన్యాన్ని పంపించేస్తామన్నారు. దక్షిణాన జె.వి.పి. ఇదే నినాదంతో తిరుగుబాటు నడుపుతోంది. ఆ నినాదాన్ని వాళ్ళ చేతిలోంచి లాక్కోకపోతే ఓట్లు రావు. బద్ధ ప్రత్యర్థులే, కానీ ఈ ఒక్క విషయంలో ఓటరుకు ఎంచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

గెలిచిన ప్రేమదాస 1989 జూన్ 1న, జూలై 29 లోగా వెళ్ళిపొమ్మని గడువు పెట్టారు. తమిళుల రక్షణకు, అధికారాల బదిలీకి హామీ లేకుండా ఎలా వెళ్తామని రాజీవ్ జవాబు. లేఖల మీద లేఖలు నడిచాయి. ఈ లోపల ప్రేమదాస ప్రభుత్వం మన జవాన్ల మీద ప్రయోగించడానికి పులులకే ఆయుధాలు ఇచ్చింది! జూలై 29న కొన్ని వందల మందిని మాత్రం ఓడ ఎక్కించి గడువు పాటించామనిపించారు. చివరికి సెప్టెంబరు 18న ఒప్పందం కుదిరింది. డిసెంబరు 31 నాటికి సైన్యం మొత్తం తిరిగి రావాలి.

అప్పటికి ప్రధాని రాజీవ్ గాంధీయే. వి.పి. సింగ్ ప్రమాణ స్వీకారం చేసింది డిసెంబరు 2న. ఆఖరి దళం ట్రింకోమలీ వదిలింది 1990 మార్చి 24న. అంటే పాత ప్రభుత్వం ఒప్పుకున్న తేదీకి దాదాపు మూడు నెలలు ఆలస్యంగా. వి.పి. సింగ్‌కు దక్కాల్సింది దక్కాలి, ఆయన సాకులు వెతకలేదు. రాజీవ్ మళ్ళీ గెలిచి ఉంటే వెతికేవారేమో. కానీ జరగనిదాన్ని జమ పద్దులో రాయలేం.

మద్రాసు కథ ఇంకా విచిత్రం. పులులను ఆదుకున్న ఎం.జి.ఆర్. 1987 ఆగస్టులో మెరీనా బీచి సభలో రాజీవ్ పక్కన నిలబడ్డారు. ఒప్పందాన్ని విమర్శించిన కరుణానిధి 1990లో ముఖ్యమంత్రి హోదాలో తిరిగొచ్చిన సైన్యాన్ని స్వాగతించడానికి వెళ్ళలేదు. తమిళులను చంపిన సైన్యం అన్నది ఆయన వాదన. ఆయన పార్టీ అప్పుడు నేషనల్ ఫ్రంట్‌లో ఉంది. ఆ ఫ్రంటు చైర్మన్ మన ఎన్.టి.ఆర్. సైన్యాన్ని నడిపే కేంద్ర ప్రభుత్వంలో డి.ఎం.కె. మంత్రీ ఉన్నారు. మరి 2009లో? ఆ యుద్ధం చివరి రోజుల్లో, ఏప్రిల్ 27న, అదే కరుణానిధి అణ్ణా సమాధి దగ్గర కొన్ని గంటలు నిరాహారదీక్ష చేసి లేచారు. ఢిల్లీ ప్రభుత్వానికి మద్దతు మాత్రం ఉపసంహరించుకోలేదు. యుద్ధంలో పౌరులు చనిపోవడం మామూలేనని ఆ జనవరిలో అన్న జయలలిత, ఎన్నికల ముందు ప్రత్యేక ఈలమే పరిష్కారమన్నారు. మూడు నెలల్లో లంకలో వాస్తవాలు మారాయా, పోలింగు దగ్గరపడిందా?

ఎవరి మాట నిజమైంది? సేన వచ్చేస్తే తమిళులకు రక్షణ ఉండదన్న రాజీవ్ భయం నిజమైంది. సైన్యం వచ్చేసిన మూడు నెలలకే, 1990 జూన్‌లో, మళ్ళీ యుద్ధం మొదలైంది. పులులతో బేరం కుదుర్చుకోగలనన్న ప్రేమదాస లెక్క తప్పింది. లొంగిపోయిన వందలాది పోలీసులను పులులు తూర్పున కాల్చి చంపాయి. అలాగని రాజీవ్ విధానం ఒప్పయిపోదు. ఏం సాధిస్తే పని పూర్తయినట్టో ఆయన సైన్యానికి చెప్పలేదు. ఆయన ప్రత్యర్థులూ ఆ ప్రశ్న వేయలేదు. ఎప్పుడు రావాలి అన్నదాని మీదే గొడవ.

చనిపోయిన మనవాళ్ళు సుమారు 1,200 మంది. ఖర్చు సంగతి చెప్పేటప్పుడు ఓ కిటుకు ఉంటుంది. జవాను జీతం ఎలాగూ ఇవ్వాల్సిందే కదా అని దాన్ని యుద్ధ ఖర్చులో కలపరు. వితంతువుకిచ్చే పింఛను వేరే పద్దు, అది ఏటేటా పోతూనే ఉంటుంది. 1990 మార్చిలో యుద్ధం ముగిసిందని అన్నారే గానీ, మా పుస్తకాల్లో అది ముగియలేదు.

కొలంబో శివార్లలో, శ్రీలంక పార్లమెంటుకు దగ్గర్లో శాంతి సేన స్మారకం ఉంది. 2015 మార్చిలో మన ప్రధాని మోదీ అక్కడ పుష్పగుచ్ఛం ఉంచారు. దాన్ని కట్టించింది, మన సైన్యాన్ని పొమ్మన్న దేశమే. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం మీద ఆ పేర్లు చెక్కేసరికి 2019 వచ్చింది.