భుజముపై పడిన చేయి

పాఠశాలలో ఆంగ్ల పర్యాయపదములను వల్లెవేసినవారికి అరెస్టు, సీజ్, క్యాచ్, యాప్రిహెండ్, నాబ్ అను మాటలన్నియు “పట్టుకొనుట” అను నొక్క యర్థమునకు లోబడి ఒకే పంక్తిని కూర్చున్నట్లు జ్ఞాపకముండును. కాని వానిలో కొన్ని న్యాయాధిపతుల నోటినుండియు, కొన్ని వేటగాండ్ర నోటినుండియు, మఱికొన్ని పట్టుబడిన దొంగల నోటినుండియు వెలువడినవి. వాని పుట్టుపూర్వోత్తరములను విచారించినచో ఇంగ్లండున మనిషిని మనిషి పట్టుకొను అధికారము ఎవరి చేతులలో మెలగినదో తేటపడును.

1066లో నార్మనులు రాజ్యముతోపాటు న్యాయస్థానములను సైతము వశపఱచుకొనగా ఫ్రెంచి అచ్చటి వ్యవహారభాషయైనది. 1362లో వాదప్రతివాదములు ఆంగ్లముననే జరుగవలెనని శాసనము పుట్టినను ఫ్రెంచి పదములు న్యాయగ్రంథములను విడువలేదు. అరెస్టు అనగా మూలమున బంధించుట కాదు, నిలుపుట మాత్రమే. సీజ్ అనునది భూస్వామ్యధర్మమునకు చెందిన మాట: పొలమున నిలిచి ఒక మట్టిగడ్డనో చెట్టుకొమ్మనో చేతికిచ్చి భూమిని స్వాధీనము చేయు ఆచారముతో ముడిపడియున్నది. మట్టికి చెల్లిన మాట క్రమముగా మనిషికిని చెల్లుటను తలచినప్పుడు నాకు మనసు కలుక్కుమనును. క్యాచ్, చేజ్ అనునవి ఏకోదరములు. ఒకటి నార్మండీ పలుకుబడి, రెండవది మధ్య ఫ్రాన్సు పలుకుబడి. వేటాడుట ఒకదానికి, వేట చిక్కుట వేఱొకదానికి పాలుపడినవి. యాప్రిహెండ్ అనుదానికి పట్టుకొనుటయు, బుద్ధితో గ్రహించుటయు అను రెండర్థములు గలవు. పాణిగ్రహణమును, విషయగ్రహణమును ఒకే ధాతువునుండి పడసిన మనకు ఇది వింత కాదు.

ఈ మాటలన్నిటి యడుగున ఒక చేయి కలదు. అది అలంకారము కాదు, సాక్షాత్తు న్యాయశాస్త్ర నియమము. 1704లో ఒక బెయిలీఫు, అనగా మన కోర్టు అమీనా వంటివాడు, స్పార్క్స్ అనువానిని పట్టుకొనుటకై వారంటుతో వాని పెరటిలోనికి పోయి, దూరముననే నిలిచి “నిన్ను అరెస్టు చేసితిని” అని పలికెను. స్పార్క్స్ చేతనున్న పంగలకఱ్ఱను అడ్డముపెట్టి, ఆతని చేయి తనపై పడనీయక, వెనుకకు నడచి ఇంటిలో దూరెను. వట్టి మాటలచేత అరెస్టు సిద్ధింపదనియు, తాకియుండినచో మాత్రమే సిద్ధించియుండెడిదనియు న్యాయస్థానము తేల్చెను. అంతకు నూఱేండ్లకు పూర్వమే షేక్స్పియరు తన ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ నాటకమున ఇట్టి యుద్యోగిని భుజము తట్టువాడని పిలిపించియున్నాడు.

వీధి మాటలకు వేఱొక పుట్టుక గలదు. 1285 నాటి వించెస్టరు శాసనము ననుసరించి దొంగను కేకలు వేయుచు తఱుముట ఊరందఱి విధి. జీతము లేని గ్రామ కానిస్టేబులు వారికి ముందు నడచువాడు. లండను మహానగరమై పెరిగినపిదప ఈ యేర్పాటు చాలకపోగా, 1692 చట్టము దారిదోపిడికానిని పట్టి శిక్షపడునట్లు చేసినవారికి నలుబది పౌనుల బహుమానము ప్రకటించెను. పేదవానికి అది కన్నులారా చూడనైన చూడని సొమ్ము. దానితో దొంగలను పట్టుటయే యొక వృత్తియైనది. ఆ వృత్తికి శిఖామణిగా వెలసిన జోనాథన్ వైల్డ్, దొంగలను తానే పోషించుచు, దొంగసొత్తును తానే యజమానులకు తిరిగి యిప్పించుచు, లొంగనివారిని ఉరికంబమున కప్పగించుచు వచ్చి, తుదకు 1725 మే 24వ తేదీన టైబర్న్ కొయ్యపై తానే వ్రేలాడెను.

ఆ కాలపు సందుగొందులలో ప్రచారమునందిన నాబ్ వంటి మాటలను, సభ్యులు చెవినిడని పలుకులనెల్ల, ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో నిఘంటువుగా కూర్చి రక్షించెను. ఆతని శ్రమకు మనము ఋణపడియున్నాము. నాబ్‌కు చుట్టమైన నాప్ అను మాటకు పిల్లవాడను నర్థముగల కిడ్ చేరి కిడ్నాప్ అయినది. అమెరికా వలసతోటలలో చాకిరికై పసివారిని ఎత్తుకొనిపోయి ఓడలకెక్కించిన ఘోరమునుండి పుట్టిన మాట యిది. 1829లో రాబర్టు పీలు లండనున పోలీసు దళమును స్థాపించిన తరువాత పోలీసువానికి వాడుకకెక్కిన కాపర్ అను పేరు రాగిగుండీలనుండి వచ్చినదని చెప్పుట కట్టుకథ. పట్టుకొనుట యను నర్థముగల కాప్ అను పాత క్రియయే దానికి మూలమని పండితుల యభిప్రాయము.

అరెస్టు అను మాట కోర్టులతో మన దేశమునకు వచ్చి, పల్లెటూరి రైతు నోటను అచ్చతెనుగుమాటవలె నిలిచినది. మాటతో పాటు స్పార్క్స్ పెరటి నియమమును వచ్చినది. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులోని 46వ సెక్షను, పట్టుబడువాడు మాటచేగాని చేతచేగాని తానై లొంగిననే తప్ప, పోలీసు అధికారి వాని దేహమును తాకవలెను లేక నిర్బంధింపవలెనని విధించెను. 1973 కోడులోను అదే సంఖ్యతో అది నిలిచెను. 2008 సవరణ చట్టము దానికి స్త్రీల విషయమున ఒక మినహాయింపును చేర్చినది: సాధారణముగా అరెస్టు సంగతి నోట చెప్పినంతనే ఆమె లొంగినట్లు భావింపవలెననియు, మహిళాధికారి తప్ప పురుషుడు ఆమెను తాకరాదనియు. నాడు స్పార్క్స్ పెరటిలో చాలని మాట, ఆమె యెదుట చాలినది.