వాలు పొద్దులో మట్టికట్టలు

ఆ ఫోన్ కాసేపు పక్కన పెట్టి మంట దగ్గరికి జరుగమ్మా. నీకు ఫోటో అంటే వేలు తగిలిస్తే అయిపోతుంది. మేం ఇంగ్లండులో కాపురమున్న రోజుల్లో రీలుకి 36 బొమ్మలే. అందుకని బటన్ నొక్కే ముందు ఆగి, నిదానంగా చూసేవాళ్ళం.

ఓ సెలవురోజు మీ నాయనమ్మ పులిహోర కట్టింది. కారులో విల్ట్‌షైర్ వెళ్ళాం. దారిపొడుగునా గడ్డికప్పు ఇళ్ళు, ఊరూరా ఓ పాత చర్చి. అవి అందరూ తీసే బొమ్మలే, నేనూ తీశాను. అసలు సంగతి ఏవ్‌బరీలో ఉంది. పెద్ద గుండ్రటి కందకం, దాని వెలుపల చెరువుకట్టలా ఎత్తైన మట్టికట్ట, లోపల మనిషిని మించిన నిలువురాళ్ళు. ఆ రాళ్ళ నడుమే ఇళ్ళు, రోడ్డు, పబ్బు! ఇంచుమించు నాలుగున్నర వేల ఏళ్ళ నాటి పని అది.

కందకం ఇప్పుడు సగానికి పైగా పూడింది. తవ్విన నాడు 9 మీటర్ల దాకా లోతుట. సుద్దనేల కదా, కొత్తలో తెల్లగా మెరిసిపోయి ఉంటుంది. ఇనుము ఊసే లేని కాలం. దుప్పి కొమ్ములతో పెళ్ళగించారు. అక్కడి మ్యూజియంలో అలాంటి కొమ్ము ఒకటి చూశాను. పక్క కొమ్మలన్నీ తీసేసి ఒక్క ములుకు ఉంచారు, దాని కొస అరిగి మొద్దుబారింది. ఎవరి చెయ్యో తల్లీ అది! పేరు లేదు, ఊరు తెలీదు.

తర్వాతివాళ్ళు ఆ రాళ్ళనేం చేశారనుకున్నావు? కొన్నిటిని పాతిపెట్టారు. మరికొన్నిటిని గోతిలోకి పడదోసి, గడ్డి వేసి కాల్చి, చన్నీళ్ళు పోసి, సుత్తులతో పగలగొట్టి ఇళ్ళు కట్టుకున్నారు. 1720లలో స్టూక్లీ అనే ఆయన అది చూసి రాసిపెట్టాడు. 1930లలో మార్మలేడ్ వ్యాపారపు కుటుంబానికి చెందిన కీలర్ స్థలం కొని, పాతిపెట్టిన రాళ్ళను మళ్ళీ నిలబెట్టించాడు. 1938లో ఓ రాయి కింద మనిషి ఎముకలు బయటపడ్డాయి. పక్కన కత్తెర, 14వ శతాబ్దపు నాణేలు. మంగలి వైద్యుడై ఉంటాడన్నారు.

మధ్యాహ్నం తీసిన బొమ్మల్లో కట్టా లేదు, కందకమూ లేదు, వట్టి పచ్చగడ్డి! ఎండ నడినెత్తిన ఉంటే నేల ఎత్తుపల్లాలు కనబడవు. పొద్దు వాలి నీడలు సాగాక ప్రతి గట్టూ తేలుతుంది.

అందుకే సిల్బరీ గుట్ట దగ్గర సాయంత్రం దాకా ఆగాం. మనుషులు పోగేసిన గుట్ట అది, 30 మీటర్ల పైచిలుకు ఎత్తు. 1968లో బీబీసీ డబ్బుతో దాంట్లోకి సొరంగం తవ్వారు. బంగారం లేదు, రాజుగారి సమాధీ లేదు. అడుగున పచ్చదనం ఇంకా పోని నాచు, రెక్కల చీమలు దొరికాయి. ఆ చీమల్ని చూసి, ఆగస్టు వేళ పని మొదలెట్టి ఉంటారని లెక్కగట్టారు. నాకైతే బంగారం కన్నా ఆ చీమలే ఎక్కువ.

కానీ నిధి కోసం తవ్విన గోతులు గుట్టకు గాయాలయ్యాయి. 1776లో పైనుంచి దింపిన గొయ్యి 2000లో కూలింది. ఆ తర్వాత లోపలి సొరంగాలను సుద్దతో నింపాల్సొచ్చింది. నువ్వెప్పుడన్నా వెళితే దాని మీదికి ఎక్కకమ్మా, ఎక్కనివ్వరు కూడా. కిందినుంచే తియ్యి, పొద్దు వాలాక.