శిథిలాల బాటలో గ్రీస్

గ్రీస్ శిథిలాలు చూడడానికి గుడారం వెంటబెట్టుకుని కారులో బయలుదేరేవారికి అనువైన దారి ఒకటుంది. ఏథెన్స్ నుంచి కొరింత్, మైసీనీ, ఎపిడారస్, ఒలింపియా చూసుకుని, 2004లో తెరిచిన రియో–ఆంటిరియో వంతెన దాటితే డెల్ఫీ చేరవచ్చు. క్రీ.శ. 2వ శతాబ్దంలో పౌసానియస్ పది సంపుటాల యాత్రా గ్రంథం రాసిన వరుసా ఇంచుమించు ఇదే. ఆటికాతో మొదలుపెట్టి, డెల్ఫీ ఉన్న ఫోకిస్‌తో ముగించాడు. ఏ గుడిలో ఏ విగ్రహముందో, ఎవరు చెక్కారో ఓపిగ్గా రాసిపెట్టాడు.

ఆ తర్వాత గుళ్లు మూతపడ్డాయి. భూకంపాలకు కూలిన ఒలింపియాను వరద మట్టి కప్పేసింది. 15వ శతాబ్దంలో ఇటలీలోని ఆంకోనాకు చెందిన వర్తకుడు సిరియాకస్ ఊరూరా తిరిగి శాసనాలకు నకళ్లు రాసుకున్నాడు. 1687లో వెనిస్ సేనల గుండు తగిలి, తుర్కులు మందుగుండు దాచిన ఏథెన్స్‌లోని పార్థెనాన్ ఆలయం పేలిపోయింది. 1751లో బ్రిటిష్ వాస్తుశిల్పులు స్టూవర్ట్, రెవెట్ ఏథెన్స్ కట్టడాల కొలతలు తీయడం మొదలుపెట్టారు. 1766లో ఆంగ్ల పురావస్తు పరిశోధకుడు చాండ్లర్ ఒలింపియా జాడ కనుక్కున్నాడు.

చూసి రాసుకున్న వారి వెనకే పట్టుకుపోయేవారూ వచ్చారు. 1801 నుంచి బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ మనుషులు పార్థెనాన్ శిల్పాలను ఊడదీశారు. 1816లో బ్రిటిష్ ప్రభుత్వం వాటిని కొనుక్కుంది.

స్వతంత్ర గ్రీస్ 1834లోనే పురావస్తు రక్షణ చట్టం చేసింది. అసలు మలుపు మాత్రం జర్మనీతో కుదిరిన 1874 నాటి ఒలింపియా ఒప్పందం. తవ్వకాల ఖర్చు జర్మనీది, దొరికినవన్నీ గ్రీస్‌వి. 1877లో హీరా ఆలయ శిథిలాల్లో శిశువు డయోనిసస్‌ను ఎత్తుకున్న హెర్మీస్ విగ్రహం బయటపడింది. పౌసానియస్ చూశానన్నదీ ఆ గుడిలోనే. 1892లో డెల్ఫీలో పెద్దఎత్తున తవ్వకాలు మొదలుపెట్టేందుకు దాని మీదున్న కాస్ట్రి గ్రామాన్నే పక్కకు తరలించారు.

ఇవాళ్టి యాత్రకు అర్థం ఆ ఒలింపియా ఒప్పందం ఇచ్చిందే. ఒలింపియా ఊరి దగ్గరి క్యాంప్‌సైట్‌లో గుడారం వేసుకుని, పొద్దున్నే ఆలయపు పునాదుల మధ్య నడిచి, పక్కనే ఉన్న మ్యూజియంలో హెర్మీస్‌ను చూడవచ్చు. గుడి, విగ్రహం, నేల ఒక్కచోటే ఉన్నాయి కాబట్టి చరిత్ర కళ్లకు కడుతుంది. ఏథెన్స్‌లో 2009లో తెరిచిన ఆక్రోపోలిస్ మ్యూజియంలో ఆ భాగ్యం లేదు. లండన్‌లో ఉండిపోయిన పార్థెనాన్ శిల్పాల చోట ప్లాస్టర్ నకళ్లు పెట్టారు. ఒలింపియాకు జరిగిన న్యాయం ఏథెన్స్‌కూ జరగాలి. ఆ శిల్పాలు తిరిగి రావాలి.