గడప దగ్గరే ఆగిన ఏఎండీ64

2005 మార్చి. కెనడాలోని వాంకూవర్‌లో డెబియన్ రిలీజ్ మేనేజర్లు, ఆర్కైవ్ బాధ్యతలు చూసే ఎఫ్‌టీపీ మాస్టర్లు ఒకచోట కూర్చున్నారు. స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసే ఈ లినక్స్‌కు గత వెర్షన్ వచ్చి రెండున్నరేళ్లు దాటింది. కొత్తది సార్జ్, ఇంకా తెమలలేదు. అంతకన్నా మింగుడుపడని సంగతి మరొకటి ఉంది. 2003లోనే మార్కెట్లోకి వచ్చిన ఏఎండీ 64-బిట్ ప్రాసెసర్లకు ప్యాకేజీలు తయారై ఉన్నాయి. వాటిని ప్రధాన ఆర్కైవ్‌లోకి మాత్రం తీసుకోలేకపోతున్నారు. ప్రధాన అడ్డంకి డిస్కులో చోటు.

ఆ డిస్కులు డెబియన్ సొంతం కావు. ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాలు, ఇంటర్నెట్ సంస్థలు ఉచితంగా నడిపే మిర్రర్లవి, అంటే ఆర్కైవ్ నకళ్లను అందించే సర్వర్లవి. పైసా పుచ్చుకోకుండా సాయం చేస్తున్నవాళ్లను ఇంకో డిస్కు కొనమని ఏ మొహం పెట్టుకుని అడుగుతారు?

చోటు ఎందుకు చాలదంటే, చాలా ప్యాకేజీలను ఒక్కో ప్రాసెసర్ రకానికి విడిగా తయారుచేయాలి. సార్జ్‌కు ఆ రకాలు 11. స్టేబుల్, టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖల్లో వెర్షన్లు వేరైతే అవన్నీ మళ్లీ విడివిడిగా ఉండాల్సిందే. పోనీ, ప్యాకేజీల కొత్త వెర్షన్లు వచ్చినప్పుడు ముందు పాతవి చెరిపేసి కొత్తవి దించుకుందామా అంటే, సూచికలో పేరుండి ఫైలు లేకుండా పోతుంది. సరిగ్గా అప్పుడే ఇన్‌స్టాల్ చేస్తున్న మనిషికి ఫైలు లేదని చెప్పే 404 ఎదురవుతుంది. అందుకని ముందు కొత్త ఫైళ్లు రావాలి, తర్వాత సూచికలు మారాలి, ఆఖరున పాతవి పోవాలి. అప్పటిదాకా పాతా కొత్తా రెండింటినీ డిస్కు మోయాలి. మిర్రర్ నిండిపోయే ప్రమాదం ఈ దశలోనే ఎక్కువ.

ఆ నెల మధ్యలో రిలీజ్ మేనేజర్ స్టీవ్ లాంగసెక్ సమావేశం ప్రతిపాదనలను ప్రకటించారు. తర్వాతి వెర్షన్ ఎచ్‌కు 11 రకాల స్థానంలో దాదాపు నాలుగే మిగలవచ్చు: ఐ386, ఏఎండీ64, పవర్‌పీసీ, ఐఏ64. ఆదరణ తక్కువున్నవి ప్రధాన మిర్రర్ల నుంచి వేరే సర్వర్‌కు వెళ్లాలి. డెబియన్ భగ్గుమంది. అమీగా, అటారీ వంటి పాత యంత్రాల మీద ఎం68కే అనే ప్రాసెసర్ రకాన్ని ఏళ్ల తరబడి కాపాడుకొస్తున్నవాళ్లకు అది వెలివేతలా తోచింది. వాళ్ల కోపంలో న్యాయముంది. వాళ్ల శ్రమకూ ఎవరి డిస్కులోనో ఉన్న ఖాళీకీ ఏం సంబంధం?

జూన్ 6న సార్జ్ విడుదలైంది. అందులో ఏఎండీ64 లేదు. దాన్ని తయారుచేసిన బృందమే వేరే సర్వర్ నుంచి అనధికారికంగా అందించింది.

చివరికి చిక్కు వీడిన తీరు నాకు ఎంతో నచ్చుతుంది. మిర్రర్‌లో అన్నీ ఉండి తీరాలన్న పట్టు సడలించారు. ఎవరి డిస్కుకు తగ్గట్టు వాళ్లు ప్రాసెసర్ రకాలను ఎంచుకోవచ్చన్నారు. ఎవరినీ గెంటనక్కర్లేకుండానే 2006లో ఏఎండీ64 ప్రధాన ఆర్కైవ్‌లో చేరింది. నేటికీ మిర్రర్లు వాడే డెబియన్ వాళ్ల ఎఫ్‌టీపీసింక్ స్క్రిప్టులో వద్దనుకున్న రకాల పేర్లు రాస్తే చాలు, ఆ ఫైళ్లు రావు.

2007 ఏప్రిల్ 8న ఎచ్ వచ్చింది, నాలుగు రకాలతో కాదు, 11తోనే. ఏఎండీ64 చేరింది, ఎం68కే తప్పుకుంది. ఆ పాత యంత్రాలు ప్యాకేజీలు తయారుచేసే వేగాన్ని అందుకోలేకపోయాయి. అయినా ఎం68కే అభిమానులు పని ఆపలేదు. వాళ్ల ప్యాకేజీలు ఇప్పుడు డెబియన్ పోర్ట్స్ అనే వేరే ఆర్కైవ్‌లో దొరుకుతాయి.