శైశవరక్షణ: ప్రాచీన ఆయుర్వేద దృష్టి

అష్టాంగ ఆయుర్వేదంలో శిశుపోషణకు కౌమారభృత్యమనే ప్రత్యేకాంగం ఉంది. సుశ్రుతసంహిత ఆహారాన్నిబట్టి బాల్యాన్ని విభజించింది: ఏడాది వరకు క్షీరపుడు, 2 ఏండ్ల వరకు క్షీరాన్నాదుడు, అటుపై అన్నాదుడు. 6వ మాసంలో లఘువు, హితమూ అయిన అన్నం పెట్టుమన్నది. శక్తి చాలని పసివానిని కూర్చోబెడితే గూని వచ్చునని హెచ్చరించింది.

దేహంతోపాటు మనస్సునూ ఆ ఆచార్యులు గమనించారు. చరకసంహిత శారీరస్థానం ప్రకారం ఆటవస్తువులు శబ్దించేవిగా, మనోహరంగా ఉండాలి. బరువైనవి, మొనదేలినవి, నోటిలో దూరేవి, భయపెట్టేవి కూడదు. ఏడ్చినా, తినకున్నా, మాట వినకున్నా రాక్షస పిశాచాల పేర్లు చెప్పి శిశువును బెదిరించరాదని ఆ గ్రంథ శాసనం.

నేటికీ అనేక గృహాలలో ‘అదిగో బూచివాడు’ అన్న మాటతోనే ముద్ద నోటికి చేరుతోంది. అన్నం దేహాన్ని పెంచుతుంది. దానితో లోపలికి పోయిన భయం మనస్సును కుదించివేస్తుంది. శిశువునకు పెద్దలు ఈయదగిన తొలి సంస్కారం అభయమే.